బోర్లా వచ్చిన దోనెలు

పోయిన నెల మా మరిది దస్తగిరి కొడుకు మూడు రంగు కాగితాలు తెచ్చి నా మంచం మీద పరిచాడు. చేపలు పట్టేవాళ్లకు ఫైబరు పడవలు చేరవేసే పని కొత్తగా పట్టుకున్నాడు, దానికి బండి కొనాలి. కాగితానికి ఒక బండి బొమ్మ. ఏది ఎన్ని గుర్రాల బలమో, ఏది గంటకు ఎంత దూరం పోతుందో, దేనిలో పాటలు బాగా వినపడతాయో అన్నీ చెప్పాడు. పడవ పొడవెంతరా అని అడిగాను. చూడలేదన్నాడు. బరువు ముందుందా వెనకుందా అన్నాను. అంతటా ఒకటే కదా పెద్దమ్మా అన్నాడు. పడవ దించే రేవులో నేల ఇసకా, ఒండ్రా అంటే నవ్వి కాగితాలు మడిచాడు. పోతూపోతూ వాకిట్లో వాళ్లావిడతో, నాకు వినపడుతుందని తెలిసే, “పెద్దమ్మకు ఎడ్లబండి తప్ప ఏం తెలుసులే” అన్నాడు. నిజమే, నాకు ఎడ్లబండే తెలుసు. అది ఎంత తెలుసో రాసిపెడదామని కూర్చున్నాను. నా రాతలో తప్పులుంటే చదువుకున్నవాళ్లు దిద్దుకోవచ్చు. కొలతలు మాత్రం ఎవరూ దిద్దనక్కర్లేదు.

నేను బడికి పోలేదు. మా పుట్టింట్లో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఇంట్లో ఎటు చూసినా దూది పొట్టు. అన్నంలో, జడలో, కుండ మీది తడిగుడ్డలో కూడా అదే. మిరపకాయలు ఎండే నెలల్లో ఊరంతా దగ్గుతుంటే మాకు అది లెక్కలోకి రాదు, మేం ఏడాది పొడుగునా దగ్గేవాళ్లమే. మా నాయన మంచాన్ని మూరతో, జానతో, బెత్తెతో కొలిచి, దానికి ఎంత దూది పడుతుందో మంచం చుట్టూ ఒక్కసారి తిరిగి చెప్పేవాడు. మోచేతి నుంచి వేలికొన దాకా మూర, మూరలో సగం జాన, నాలుగు వేళ్లు బెత్తె. ఆ మూడింటితో నేను పదేళ్లకే ఏ పరుపైనా లెక్క కట్టగలిగేదాన్ని. అంకెలు రాయడం తర్వాత ఎప్పుడో గోడ మీద బొగ్గుతో నాకు నేనే నేర్చుకున్నాను. కాబట్టి నా లెక్కలన్నీ ముందు చేతిలో పుడతాయి, ఆ తర్వాతే తలలోకి వస్తాయి.

అత్తగారిల్లు బండ్లు తోలే ఇల్లు. తుళ్లూరుకి దక్షిణంగా, నల్లరేగడి నడుమ ఉంటుంది ఆ ఊరు. మా మామగారు మస్తాన్, మా ఆయన ఖాసిం, మరిది దస్తగిరి ముగ్గురూ పత్తి, మిరపకాయలు గుంటూరుకి తోలేవాళ్లు. అది అందరూ చేసే పనే. మా ఇంటికి పేరు తెచ్చింది మాత్రం దోనెల మోత. మా చేలగట్ల మీద తాటిచెట్లు ఎక్కువ. ఊళ్లో వడ్రంగి ఒకాయన ముదురు తాటిమానును నిలువునా చీల్చి, లోపలి పీచు తొలిచి దోనె చేసేవాడు. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి అడ్డకర్రలు కట్టేస్తే జంటదోనె అవుతుంది. కృష్ణలో లంకల మీద సేద్యం చేసేవాళ్లకు అవే కాళ్లు. వాటిని అమరావతి రేవుకి చేర్చడం మా మామగారి తండ్రి నాటినుంచి మా ఇంటి పని. మామగారు మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం నమాజు అయ్యాక చుట్ట ముట్టించుకుని, ఆముదంలో మసి కలిపిన కందెన తీసుకుని ఇరుసుకు పూస్తూ కూర్చునేవాడు. చక్రాన్ని చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టి వినేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కందెన వాసనే ముందు ఎదురొచ్చేది. మా అత్త హుస్సేనమ్మ అది అత్తరు కంటే నయమనేది, బండి కదులుతుందన్న భరోసా అందులో ఉందని.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఒక దోనె పగిలింది. అది ఎలా పగిలిందో చెప్పాలంటే మా వాళ్ల బుర్రలో బరువంటే ఏమిటో చెప్పాలి. పత్తి, మిరపకాయల సీమలో బరువును ఎత్తుతో చూస్తారు. బోరాల మీద బోరాలు పేర్చి, తాళ్లు బిగించి, తాటిచెట్టులో సగం ఎత్తున బండి ఊగుతూ పోతుంటే అది తోలేవాడికి మీసం. పొడుగు వాళ్ల ఆలోచనలో లేదు, ఎందుకంటే బోరాకు పొడుగు లేదు. దస్తగిరి ఆ లెక్కనే దోనెను మిరపబండి మీద ఎక్కించాడు. దోనె పద్నాలుగు మూరలు, బండి పడక ఆరు మూరలు. లావు మొదలు ఎడ్ల మెడ మీద బరువవుతుందని దాన్ని వెనక్కి పెట్టాడు. వాగు గట్టు ఎక్కేటప్పుడు వెనక బరువుకు బండి నొగ, అదే కాడి కట్టే ముందుకర్ర, గాల్లోకి లేచింది, కాడితో పాటు ఎడ్ల మెడ తాళ్లూ లేచాయి. తెల్లెద్దు ఉరి పడ్డట్టు నాలుక బయటపెట్టింది. ఖాసిం తాడు కోశాడు కాబట్టి ఎద్దు బతికింది. దోనె మాత్రం గట్టు మీంచి జారి నిలువునా నెర్రె విచ్చింది. ఆ మాట లంకల దాకా పోయింది.

మరుసటేడు కృష్ణకు పెద్ద వరద వచ్చింది. పైన సాగర్ కడుతున్నారని, కట్టాక ఇలాంటి వరదలు రావని చెప్పుకునేవాళ్లు గాని, అప్పటికి నది తన ఇష్టానిదే. వరద లంకవాళ్ల దోనెలన్నీ ఎత్తుకుపోయింది. నీళ్లు తీశాక లంక మీద ఒండ్రు తడి ఆరకముందే విత్తనం పడాలి, పడకపోతే ఆ ఏడు పంట లేదు. లంక పెద్ద సుబ్బయ్య గారు మా వాకిట్లోకి వచ్చి కూర్చోకుండానే మాట్లాడాడు. శుక్రవారానికి ఒక జత రేవులో ఉండాలి. లేకపోతే అవతలి ఒడ్డువాళ్లు చేసిన దోనెలు తెచ్చుకుంటారు, అవి నీళ్లమీదే తేలి వస్తాయి, మోత కూడా ఉండదు. ఒకసారి అటు తిరిగితే ఇక ఇటు తిరిగేది లేదని కూడా చెప్పాడు. మామగారు తల ఊపాడు. ఆ రోజు ఆయన చుట్ట వెలిగించుకోవడం మర్చిపోయాడు.

ఆ మర్నాడే దస్తగిరి జీపు మాట ఎత్తాడు. యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత జీపు ఒకటి, వెనక తగిలించుకునే తొట్టితో సహా, గుంటూరులో ఒక మెకానిక్కు దగ్గర ఉంది. ఎడ్ల జత ఇచ్చేస్తే జీపు ఇస్తాడు. దస్తగిరి దాన్ని చూసిన దగ్గర్నుంచి నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నాడని ఖాసిం నవ్వేవాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఎడ్లు ఇచ్చేముందు జీపును ఒక్కసారి ఖాళీగా వాగు దాటించి చూడమన్నాను. కొత్త కోడలు అంత మాట అనడం మా అత్తకు నచ్చలేదు, గరిటె గట్టిగా పెట్టింది. మామగారికి మాత్రం మాట చెవినపడింది. జీపు వచ్చింది. ఊరు ఊరంతా వెనకబడింది. నేను అంతకుముందే వాగులో కర్ర దించి బురద కొలిచి పెట్టుకున్నాను. బండ్లు పోయే డొంకలో జానెడు, వాగు అడుగున సరిగ్గా మూర. జీపు ఇరుసు నేలకు మూరకు బెత్తెడు తక్కువ ఎత్తున ఉంది. కూర్చున్న గేదెలా అది బురదలో కూర్చుంది. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు, మెకానిక్కు తెల్లచొక్కా మీద రేగడి చుక్కలు. దాన్ని బయటకు లాగింది మా ఎడ్లే. తెల్లెద్దు ఆ రోజు నడిచిన నడక నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది.

బురద ఎండేదాకా ఆగుదామని దస్తగిరి అన్నాడు. ఆగితే శుక్రవారం దాటుతుంది. రబ్బరు టైర్ల బండి అద్దెకు తెద్దామని ఖాసిం అన్నాడు. దాని ఇరుసు జీపు కంటే ఎత్తేమీ లేదు. మా కొయ్య చక్రం మూడు మూరల పొడుగు కాబట్టి ఇరుసు మూరన్నర ఎత్తున ఉంటుంది, మూరెడు బురదలో కూడా మరో జానెడు మిగులుతుంది. కాబట్టి చక్రం ఏదో తేలిపోయింది. తేలనిది పొడుగే. ఆ సాయంత్రం నేను రోకలి తీసుకుని వడ్రంగి దొడ్డికి పోయాను. దోనె కింద రోకలి పెట్టి, అటూ ఇటూ దొర్లిస్తే, అది ఏ మూరలో తూగుతుందో తెలుస్తుంది. సగానికి, అంటే ఏడో మూరకు, తూగలేదు. మొదలు నుంచి ఐదున్నర మూరలకు తూగింది. రెండో దోనె కూడా అంతే. వచ్చి మామగారికి చెప్పాను. బండి పడక అక్కర్లేదు, దోనెలే బండి. లావు మొదలు నుంచి మూరన్నర దగ్గర ఒక జత చక్రాలు, పదకొండున్నర దగ్గర ఇంకో జత. దూలాన్ని ఇద్దరు మోసినట్టు, ముందు చక్రాల మీద మూడు పాళ్లు, వెనక చక్రాల మీద రెండు పాళ్లు పడుతుంది, నొగ లేవదు, ఎడ్లకు ఉరి ఉండదు.

“రెండో జత చక్రాలు యాడుంచి తెస్తావు వదినా, పుట్టింటి నుంచా?” అన్నాడు దస్తగిరి.

“మావయ్య సవారీ బండివి” అన్నాను.

సవారీ బండి మామగారి ప్రాణం. ఉరుసుకి, పెళ్లిళ్లకు, పెదకాకాని తిరునాళ్లప్పుడు బంధువుల్లాంటి స్నేహితుల్ని ఎక్కించుకు రావడానికి తప్ప అది కదలదు. దానికి గంటలు, రంగులు, గూడుకు అద్దకం గుడ్డ. దాన్ని విప్పితే మళ్లీ అలా కుదరదని వడ్రంగే చెప్పాడు. మామగారు రాత్రి అన్నం తినలేదు. పొద్దున నేను లేచేసరికి గూడు తీసి గోడకు ఆనించి ఉంది. ఆయన సీల పీకి చక్రం ఊడదీస్తున్నాడు. నన్ను చూసి, “ఇవి మోతబండి చక్రాల కంటే జానెడు పొట్టి, లెక్కలో ఏసుకున్నావా?” అన్నాడు. వేసుకున్నాను. దోనె తోక ఆరు వేళ్లు కిందికి ఉంటుంది, అంతే. బయల్దేరే ముందురోజు దోనెలను ఉత్త తాళ్లతో జత కట్టి, మా ఊరి మడుగులో నలుగుర్ని ఎక్కించి ఎంత మునుగుతాయో కూడా కొలిచాను.

గురువారం తెల్లవారి బయల్దేరాం. నేను కూడా వస్తానన్నాను. కోడళ్లు బండి వెంట పోరని అత్త అంది. దోవలో తాళ్లు జారితే మళ్లీ ఏ మూరలో కట్టాలో ఎవరికి తెలుసన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఊరివాళ్లు వాకిళ్లలోకి వచ్చి నవ్వారు. పడక లేని బండి, కూర్చునే చోటు లేని బండి, రెండు తాటిమానులు పక్కపక్కన పడుకుని చక్రాల మీద పోతుంటే శవాన్ని మోస్తున్నట్టుందని ఒకడన్నాడు. నాకు పట్టలేదు. డొంకలో చక్రాలు జానెడు దిగి జానెడు లేస్తూ ఏ తొందరా లేకుండా పోతున్నాయి. తడి తాటి వాసన, పక్కన కొత్తగా పూతకొచ్చిన పత్తి. నేను వెనక చక్రాల పక్కన నడుస్తూ నా లెక్క నిజం కావడాన్ని చూసుకుంటున్నాను. అంత గర్వం మళ్లీ నా జన్మలో కలగలేదు. అది వాగు దాకానే.

వాగు కనపడుతుండగా వాన మొదలైంది. నా లెక్కలో వాన లేదు. దోనెలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, పడ్డ చుక్క పడ్డట్టు లోపలికి పోయింది. పోయిన నీళ్లు అంతటా సమానంగా ఉంటే సరిపోను. తోక ఆరు వేళ్లు కిందికుంది, నీళ్లన్నీ అక్కడికి చేరాయి. రెండు పాళ్లు మోయాల్సిన పొట్టి చక్రాలు మూడు పాళ్లు మోస్తున్నాయి. వెనక ఇరుసు బురదను ముట్టుకుంది, ముందు నొగ కొంచెం లేచింది, తెల్లెద్దు మెడ తిప్పింది. పోయినేడు దాని నాలుక చూసినవాళ్లం, బండిని అక్కడే ఆపేశాం. ఖాసిం చెంబుతో నీళ్లు తోడాడు. తోడినంత మళ్లీ నిండుతున్నాయి. గోతాలు కప్పుదామంటే నానిన గోతాం ఇంకా బరువు. మిగిలింది ఒక్కటే దోవ, అది నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. దోనెలను బోర్లించాలి.

దోనెను బోర్లా మోయరు. కృష్ణ ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు అది. నది మనిషిని తీసుకున్న దోనెనే బోర్లా మోసుకొచ్చి ఒడ్డున పడేస్తారు, దాన్ని మళ్లీ నీళ్లలో వేయరు. కొత్త దోనె బోర్లా రేవుకి వస్తే చావును ముందే తెచ్చినట్టు. ఆ మాట నేను పైకి అనేసరికి దస్తగిరి తడిసిన తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు.

“నాయనా, లంకోళ్లు చూస్తే ముట్టుకోరు. వదిన మాట విని సవారీ బండి పోగొట్టుకున్నాం, ఇప్పుడు దోనెలు కూడా పోగొట్టుకుందామా?”

“నీళ్లు మోసే దోనెకంటే అపశకునం ఏముందయ్యా” అన్నాను నేను. “అది మునిగినట్టే కదా. నేల మీదే ముంచారని చెప్పుకుంటారు మనల్ని.”

మామగారి నోట్లో చుట్ట వానకు ఎప్పుడో ఆరిపోయింది, అయినా పీలుస్తూనే ఉన్నాడు. తర్వాత తాడు ముడి మీద చెయ్యి వేసి, “తిప్పండి” అన్నాడు. ఒక్కొక్కటీ పదిహేను మణుగులు. మేం నలుగురం, దోవన పోయే కూలీలు ఇద్దరు. కొంగు నడుముకు దోపి నేనూ ఒక చెయ్యి వేశాను. బోర్లించాక కొలత మళ్లీ చూసి, మూరన్నర దగ్గర, పదకొండున్నర దగ్గర నేనే తాళ్లు బిగించాను. వాన దోనెల వీపు మీద పడి జారిపోయింది. వాగు అడుగున చక్రాలు మూరెడు దిగాయి, ముందు జానెడు, వెనక ఆరు వేళ్లు మిగిలింది. గట్టెక్కుతున్నప్పుడు నొగ లేవలేదు.

ఈ కాలంలో ఆ డొంక తారు రోడ్డు. వాగు మీద వంతెన, వంతెన మీద లారీలు. నేల ఎలా ఉందో ఎవరూ చూడనక్కర్లేదు కాబట్టి చూడడం మానేశారు. బండి బలం అడుగుతారు, మోసేదాని స్వభావం అడగరు. నేను పాతకాలం మంచిదని చెప్పేదాన్ని కాను. తెల్లెద్దు మెడ మీది పుండు చూసినదాన్ని, ఎడ్లబండి మీద నాకు మోజు లేదు. ఆ వాగు దగ్గర జీపు గట్టెక్కి ఉంటే జీపే కొనమని నేనే చెప్పేదాన్ని. ఏది పనికొస్తుందో బొమ్మ చెప్పదు, పేరు చెప్పదు, మగవాళ్ల మోజు అసలే చెప్పదు. వంగి కొలిస్తే తెలుస్తుంది. నా తప్పు నేను దాచుకోను, వానను లెక్కలో వేసుకోలేదు. కాని తప్పు చేసినవాళ్లే దిద్దితే అది త్వరగా దిద్దుబాటు అవుతుందని కూడా ఆ రోజే తెలిసింది.

రేవుకి చేరేసరికి పొద్దు వాలుతోంది, వాన తెరిపిచ్చింది. లంకవాళ్లు పదిమంది దాకా ఒడ్డున ఉన్నారు. దూరం నుంచి బండి ఆకారం చూసి ముందు నవ్వారు. దగ్గరికొచ్చాక నవ్వు ఆగిపోయింది. ఒక ముసలమ్మ చెంపలు వేసుకుంది. సుబ్బయ్య గారు దోనెల చుట్టూ ఒకసారి తిరిగాడు. నెర్రె ఎక్కడా లేదు. అయినా ఆయన చెయ్యి కర్రను తాకలేదు.

“మస్తానూ, బోర్లా వచ్చినదాంట్లో మావాళ్లు కాలు పెట్టరు. నీకు తెలియంది కాదు. ఈ బుద్ధి ఎవరిది?”

మామగారు, “మా ఇంటిది” అన్నాడు.

ఆ మాటలో ఆయన నన్ను కాపాడుతున్నాడని నాకు తెలుసు. తప్పయితే ఇల్లంతా మోస్తుంది, ఒప్పయితే కూడా ఇంటిదే. పోయినేడు దోనె పగిలినప్పుడు మాత్రం అది దస్తగిరి చేసిన పని అని ఊరంతా పేరు పెట్టి చెప్పుకుంది. నా పని నాది కాకుండా పోవడం నాకు ఇష్టం లేకపోయింది. దస్తగిరి వెనకనుంచి వద్దన్నట్టు కొంగు లాగాడు. కొంగు విడిపించుకున్నాను.

“నాది” అన్నాను. “చక్రాలు విడివిడిగా పెట్టిందీ నేనే, బోర్లించిందీ నేనే. జత కట్టి నీళ్లలో పెట్టండి. ముందు నేనెక్కుతాను.”

ఖాసిం రేవులో ఉన్న అడ్డకర్రలు తీసుకున్నాడు. దస్తగిరి వచ్చి రెండో చివర పట్టుకున్నాడు. జత కట్టి నీళ్లలోకి తోశారు. నేను చీర మోకాళ్ల దాకా ఎత్తి కట్టి ఎక్కాను. కృష్ణను అంత దగ్గరగా అంతకుముందు చూడలేదు. వరద తీసినా నీళ్లింకా ఎర్రగా, బరువుగా ఉన్నాయి. మామగారు చెప్పులు ఒడ్డున విడిచి నా వెనక ఎక్కి కూర్చున్నాడు. సుబ్బయ్య గారు మమ్మల్నిద్దర్నీ చూశాడు, పక్కవాడి చేతిలోంచి గెడ తీసుకున్నాడు.

“ఈతొచ్చా అమ్మా నీకు?”

“రాదండి.”

“మరి ఎట్టా ఎక్కావు?”

“మా ఊరి మడుగులో నలుగుర్ని ఎక్కించి కొలిచాను. నీళ్లకు పైన బెత్తెడు అంచు మిగులుతుంది. మునగదు.”

ఆయన తన మనుషుల్లో ఒకణ్ణి పేరు పెట్టి పిలిచాడు. వాడు దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. ఆ తర్వాత ఆయన ఎక్కాడు. నలుగురం అయ్యాం. గెడ ఆనించి ఒక్క తోపు తోశాడు, ఒడ్డు మమ్మల్ని వదిలేసింది. నడి పాయలోకి వచ్చాక సుబ్బయ్య గారు వెనక్కి తిరిగి, ఇంకో మూడు జతలు కావాలి, ఎప్పటికి తేగలవని అడిగాడు. మామగారిని కాదు, నన్ను. అప్పటికే నేను చెయ్యి పక్కకు పెట్టి అంచు కొలుస్తున్నాను. బెత్తెడు లేదు. మూడు వేళ్లే ఉంది. అడ్డకర్రల బరువు మడుగులో లేదు కదా, అది అప్పుడు తట్టింది. మూడు వేళ్ల కింద కృష్ణ. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, “కొలిచి చెబుతానండి” అన్నాను.